బార్కస్ బస్సులో మంగళవారం

బేబీకి యాభై రెండేళ్లు. ముద్దుగా ఆ పేరు పెట్టిన తాత లేడు, ఆ పేరుతో పిలిచే అమ్మానాన్నలూ ఇప్పుడు లేరు. మాదన్నపేట మార్కెట్ వెనక సందులో ఉన్న చిన్న చర్చికి ఆమె భర్త కృపాకర్ పాస్టరు. అందుకని ఇరవై ఆరేళ్లుగా ఆమె అందరికీ అమ్మగారు. నలుగురి ముందు కృపాకర్ కూడా అమ్మగారూ అనే పిలుస్తాడు. ఇద్దరే ఉన్నప్పుడు "ఇగో" అంటాడు.

కింద ప్రార్థన హాలు, పైన రెండు గదుల ఇల్లు. మెట్లు గేటు పక్కనుంచే ఉండడంతో చర్చికి వచ్చినవాళ్లంతా ఇంటికీ వచ్చినట్టే. పొద్దున పాలప్యాకెట్ కంటే ముందు ఎవరో ఒకరు తలుపు కొడతారు. ఒకరి పిల్లకు జ్వరం, ఒకరి మొగుడు పనికి పోనని పడుకున్నాడు, ఇంకొకరికి స్కూల్లో ఇవ్వడానికి బాప్తిస్మం కాగితం కావాలి. బేబీ ఎవరినీ వెనక్కి పంపేది కాదు. పొయ్యి మీద కూర మాడుతున్నా గరిటె చేతిలో పట్టుకునే వాళ్ల కోసం ప్రార్థన చేసి పంపేది.

బుధవారం ఇంటింటి కూటాలు, గురువారం పాటల అభ్యాసం, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆ వెంటనే స్త్రీల సమాజం. శనివారం హాలు ఊడ్చి జంపఖానాలు పరవడం. ఆదివారం పొద్దున్నే సండే స్కూలు. తర్వాత ఆరాధనలో పాటలు పాడించి, భర్త ప్రసంగం మొదలుపెట్టిన పది నిమిషాలకు ఆమె మెల్లగా లేచి పైకి వెళ్లేది. నూట ఇరవై మందికి చాయ్ కావాలి కదా. కృపాకర్ ప్రసంగాలన్నీ ఎలా మొదలవుతాయో ఆమెకు తెలుసు. ఎలా ముగుస్తాయో మాత్రం తెలియదు.

ఆమె దగ్గర ఒక పొడవాటి నోటుబుక్కు ఉండేది. ప్రార్థన చేయమని అడిగిన ప్రతివాళ్ల పేరూ, వాళ్ల అవసరమూ అందులో రాసుకునేది. రోజూ పొద్దున మోకరించి మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోయేది. మొదట్లో ఒక్కో పేరు దగ్గర ఆ మనిషి మొహం కళ్లముందు కనిపించేది. తర్వాత్తర్వాత పేర్లు పెరిగాయి, మొహాలు మాయమయ్యాయి. నోరు పేర్లు చదువుతుంటే మనసు నానబెట్టిన శనగల దగ్గర ఉండేది.

జూన్ నెలలో ఒక పొద్దున అలాగే చదువుతూ "ప్రభువా, మైసయ్య కాలు బాగుచెయ్యి" అంది. రెండు పేర్లు దాటాక ఆగిపోయింది. మైసయ్య చనిపోయి మూడు వారాలైంది. సమాధి దగ్గర పాట పాడించింది తనే. ఆయన భార్యను పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది కూడా తనే. మూడు వారాలుగా రోజూ ఆయన కాలు బాగుపడాలని ప్రార్థన చేస్తూనే ఉంది!

బేబీ పుస్తకం మూసేసింది. సిగ్గు కంటే భయం ఎక్కువ వేసింది. ఇన్నాళ్లూ తను మాట్లాడింది దేవుడితోనేనా, నోటుబుక్కుతోనా? ఈ సంగతి ఎవరికి చెప్పుకోవాలో తోచలేదు. సంఘంలో ఎవరికి కష్టం వచ్చినా తన దగ్గరికే వస్తారు. భర్తతో చెబుదామంటే ఆయన చుట్టూ ఎప్పుడూ మనుషులే. అందుకని ఎవరికీ చెప్పకుండా వంటింట్లోకి వెళ్లింది.

*

మంగళవారాలు జబ్బుపడినవాళ్లను చూసి రావడం ఆమె పని. జూలై మొదటి మంగళవారం చాంద్రాయణగుట్టలో చంద్రమ్మ ఇంటికి బయలుదేరింది. చంద్రమ్మ కాలు విరిగి మంచం మీద ఉంది. బేబీ షేర్ ఆటోలో చార్మినార్ దాకా వెళ్లి, అక్కడ బార్కస్ బస్సు ఎక్కింది. ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. కిటికీ పక్కన సీటు దొరికింది. శాలిబండ దాటాక చల్లగా గాలి కొట్టింది. అంతవరకే గుర్తు.

"అమ్మా, ఓ అమ్మా! లేవుండ్రి, బార్కస్ వచ్చింది."

కళ్లు తెరిస్తే కండక్టర్ నిలబడి ఉంది. ఖాకీ చొక్కా మీద నాగమణమ్మ అని పేరు. బస్సులో ఇంకెవరూ లేరు.

"చాంద్రాయణగుట్ట?"

"గది ఎప్పుడో పోయింది. రెండుసార్లు ఒర్రిన. మీరు గంత మంచిగ పండుకున్నరు, తట్టి లేపబుద్ధి కాలె." నాగమణమ్మ నవ్వింది. "ఫికర్ చెయ్యకుండ్రి. ఇరవై నిమిషాలకు గిదే బస్సు వాపస్ పోతది. మేం చాయ్ తాగొస్తం. గీడనే కూసోండ్రి."

డ్రైవరూ కండక్టరూ దిగిపోయారు. బేబీ సంచిలోంచి ఫోను తీసింది. ఏడు మిస్డ్ కాల్స్. మొదటి నంబరు మీద వేలు పెట్టి, ఎందుకో ఆగి, ఫోన్ మళ్లీ సంచిలో వేసేసింది. అలా చేయడం ఆమెకు అదే మొదటిసారి.

బయట బండి మీద జామకాయలు పేర్చి ఒకాయన "మీఠే జామ్, బార్కస్ కే జామ్" అని పాటలాగా అరుస్తున్నాడు. రోడ్డు మీద చప్పుడు ఉంది కానీ ఆ చప్పుడులో ఎవరూ తనను పిలవడం లేదు. ఈ ఇరవై నిమిషాల్లో ఈ బస్సులో తను చేయాల్సిన పని ఒక్కటీ లేదు.

సరే, చంద్రమ్మ కోసమైనా ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంది. అలవాటైన మాటలేవీ రాలేదు. చాలాసేపటికి, చిన్నప్పుడు గుడ్డి దీపం దగ్గర అమ్మ పక్కన కూర్చుని చెప్పినట్టుగా, ఒక్క మాట వచ్చింది.

"ప్రభువా, నేను బేబీని."

అంతే. ఆ తర్వాత ఏమీ అడగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ అది ఏడుపు కాదు. చాలా రోజులుగా ఇంటి ముందు నుంచి వెళ్లిపోతున్న మనిషి లోపలికి వచ్చి పక్కన కూర్చున్నట్టు అనిపించింది. ఆమె కూడా ఊరికే కూర్చుంది. నాగమణమ్మ వచ్చి బెల్లు కొట్టేదాకా అలాగే ఉంది.

చంద్రమ్మ ఇంట్లో మామూలుగా ఆమె పది నిమిషాలకు మించి ఉండేది కాదు. ఒక వాక్యం, ఒక ప్రార్థన, గోడ గడియారం వైపు ఒక చూపు. ఆ రోజు మంచం పట్టె మీద కూర్చుని "కాలు ఎట్ల ఇరిగింది, సరిగ్గ చెప్పు" అని అడిగింది.

చంద్రమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నల్లా కాడ జారిపడ్డ అని అందరికి చెప్పిన. గది అబద్ధం. గోడ అవతల పెండ్లి బరాత్ పోతుంటె చూద్దామని ఇస్టూల్ ఎక్కిన. పెండ్లిపిలగాడు గుర్రం మీద ఉన్నడు. గుర్రం దిక్కు చూసుకుంట అడుగు ముందుకేసిన."

ఇద్దరూ నవ్వారు. చంద్రమ్మ కట్టు కట్టిన కాలు కదిలి "అబ్బా" అంటూనే మళ్లీ నవ్వింది. బేబీ బయలుదేరుతుంటే చేయి పట్టుకుని, "ఎన్నిసార్లొ వచ్చినవ్ అమ్మగారు మా ఇంటికి. ఇయ్యాలనే కూసున్నవ్" అంది.

*

తర్వాతి మంగళవారం బేబీ గంట ముందే బయలుదేరింది. ఎక్కడికని కృపాకర్ అడిగితే "చాంద్రాయణగుట్టకు" అంది. అబద్ధం కాదు గానీ పూర్తి నిజమూ కాదు. ఆ బాధ దారంతా ముల్లులా గుచ్చుతూనే ఉంది. అయినా చాంద్రాయణగుట్ట వస్తే దిగలేదు.

అలా నాలుగు వారాలు గడిచాయి. ఆఖరి స్టాపులో ఆగిన ఖాళీ బస్సు ఆమె ప్రార్థన గదైపోయింది. వాక్యం చదువుకునేది, కానీ కొంచెమే. ఇన్నేళ్లూ ఏ భాగం చదివినా సండే స్కూలు పిల్లలకు ఏం చెప్పాలా, శుక్రవారం ఆడవాళ్లకు ఏం చెప్పాలా అని వెతికేది. ఇప్పుడు ఎవరికీ చెప్పనక్కర్లేదు కాబట్టి తన కోసమే చదివింది. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన మాటలే కొత్తగా వినిపించాయి. కొన్ని రోజులు చదవకుండానే నిద్రపోయేది. దానికీ ఆమె బాధపడడం మానేసింది.

ఒకరోజు నాగమణమ్మ కాగితంలో కోసిన జామకాయ, ఉప్పూ కారం పెట్టుకుని తెచ్చింది.

"తినుండ్రి అక్కా. రోజుకు ఎన్ని వందల మందిని చూస్తనో, వాపస్ పోనీకె బస్సెక్కేది మీరొక్కలే. పేరేంది మీది?"

"అందరు అమ్మగారు అంటరు."

"గది పేరెట్లయితది?"

బేబీ కాస్త సిగ్గుపడింది. "బేబీ."

నాగమణమ్మ ఆమె నెరిసిన జుట్టు వైపు చూసి పకపకా నవ్వేసింది. బేబీకి కూడా నవ్వాగలేదు. జామకాయ కారం ముక్కులోకి ఎక్కి, దగ్గుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడే ఆ దారిలో బైకు మీద వెళ్తున్న కుర్రాడొకడు బస్సు కిటికీలో అమ్మగారిని చూశాడు.

*

ఆ కుర్రాడు మాణిక్యమ్మ తోడికోడలి కొడుకు. మాణిక్యమ్మ స్త్రీల సమాజానికి పెద్ద. అరవై ఎనిమిదేళ్లు ఉంటాయి. మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చే ఉద్యోగం చేసి రిటైరైంది. శనివారాలు బేబీతో కలిసి హాలు ఊడ్చేది ఆమే. మనసు మంచిదే గానీ మాట కటువు. ఏదీ కడుపులో దాచుకోదు.

శుక్రవారం ప్రార్థన అయ్యాక ఇరవై మంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చున్నారు. మాణిక్యమ్మ గొంతు సవరించుకుంది.

"అమ్మగారు, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకుండ్రి. మంగళారం మంగళారం మీరు బార్కస్ దిక్కు పోతున్నరట. గాడ మన సంఘపోళ్లు ఎవ్వరు లేరు గదా. ఖాళీ బస్సుల కూసొని జామకాయ తినుకుంట నవ్వుతున్నరట. మావోడు కండ్లార చూసిండు. ఏంది సంగతి?"

బేబీ చెవులు వేడెక్కాయి. సువార్త పత్రికలు పంచడానికి వెళ్లానని చెప్పొచ్చు. అందరూ నమ్ముతారు, మెచ్చుకుంటారు కూడా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"నిజమే మాణిక్యమ్మా, పోతున్న. ప్రార్థన చేసుకుంట. మాటలు రాకపోతే ఊకె కూసుంట. ఒక్కోసారి పండుకుంట."

"బస్సులనా?"

"బస్సులనే. ఇంట్ల గేటు ఉంది, మెట్లున్నయి, ఫోనుంది. గాడ ఎవ్వరు లేరు." మొదలుపెట్టాక ఆమె ఆపలేదు. నోటుబుక్కు సంగతి చెప్పింది. తల దించుకుని మైసయ్య సంగతి కూడా చెప్పింది. "మట్టిల పెట్టొచ్చినంక మూడు వారాలు ఆయన కాలు బాగు కావాలని ప్రార్థన చేసిన. నాకు సోయి లేదు. అంత అలిసిపోయిన. ఆ సంగతి కూడ నాకెరుక లేకుండె."

మైసయ్య భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అందరూ ఆమె వైపు చూడడానికి భయపడుతున్నారు. ముందు ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"పోనీ తియ్యి అమ్మగారు. ఆ కాలుతోని మస్తు తిప్పలు పడ్డడు. మీ ప్రార్థన ఇనే దేవుడు గాడనన్న బాగు చేసుంటడు."

ఆ మాటతో అందరికీ నవ్వు వచ్చేసింది. బేబీ నవ్వుతూ ఏడ్చింది. మైసయ్య భార్య వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

నవ్వనిది మాణిక్యమ్మ ఒక్కతే. ఆమె తన చేతులు చూసుకుంటోంది. వాటినే చూస్తూ మెల్లగా అంది.

"ముప్పై ఎనిమిదేండ్లు రోడ్లు ఊడ్చిన. రిటైరైనంక చర్చి ఊడుస్తున్న. ఇంటికి పోతే మనుమలు. ఊకె కూసునుడంటే ఎట్లుంటదో నాకెరుక లేదు. కూసుంటే దేవునికి కోపమొస్తదనుకున్న." తల ఎత్తి బేబీని చూసింది. ఎప్పుడూ మీరు అనే మనిషి ఆ రోజు మాట మార్చింది. "గిన్ని రోజులు నాకెందుకు చెప్పలే బిడ్డా? నన్ను గూడ తీస్కపో."

*

సాయంత్రానికే సంగతి కృపాకర్ చెవిన పడింది. ఆయన మెట్ల మీద కూర్చుని ఉంటే బేబీ వెళ్లి రెండు మెట్లు కింద కూర్చుంది.

"అందరికంటె ముందు నాకు చెప్పాలె గదా" అన్నాడు. కోపం లేదు, నొచ్చుకున్నాడు.

"మీరు ఒక్కలే ఎప్పుడు దొరికిండ్రు? దొరికినప్పుడు మీరు గూడ కూసున్నకాడనే కునుకుతుంటిరి."

కృపాకర్ ఏదో అనబోయాడు. ఇంతలో గేటు చప్పుడైంది. ఆయన అలవాటుగా లేచి, మళ్లీ కూర్చుని, "జర ఆగు, పది నిమిషాలల్ల వస్త" అని కిందికి కేకేశాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన ఎవరినైనా ఆగమనడం బేబీ వినలేదు. ఆయన రెండు మెట్లు దిగి ఆమె పక్కకు వచ్చి, ఆ పది నిమిషాలూ అక్కడే కూర్చున్నాడు.

ఆ ఆదివారం ప్రసంగం మొదలైన పది నిమిషాలకు బేబీ లేవబోతే మాణిక్యమ్మ ఆమె కొంగు పట్టి కూర్చోబెట్టింది. "చాయ్ పనికి మొగోళ్లను పంపిన. ఎట్లుంటె గట్ల తాగుదం."

కృపాకర్ ఒక ప్రవక్త కథ చెప్పాడు. పనిచేసి పనిచేసి విసిగిపోయిన ఆ ప్రవక్త అడవిలో ఒక చెట్టు కింద పడిపోయి, ఇక నా వల్ల కాదు, నన్ను తీసుకుపో అన్నాడు. "దేవదూత వచ్చిండు. వచ్చి తిట్టిండా? లెవ్వు, పని ఉంది అన్నడా? లేదు. వేడివేడి రొట్టె పెట్టిండు, నీళ్లిచ్చిండు. తిని మళ్ల పండుకుంటె పండుకోనిచ్చిండు. పని సంగతి తర్వాత చెప్పిండు." చివరికి వచ్చేసరికి కృపాకర్ బైబిలు మూసేశాడు. "మన సంఘంల రొట్టె పెట్టేటోళ్లకు రొట్టె పెట్టేటోళ్లు లేరు. ఆ తప్పు మొదట నాది."

ఇకనుంచి ప్రతి మంగళవారం పొద్దుటి నుంచి సాయంత్రం ఆరు దాకా గేటు మూసి ఉంటుందని ఆయన ప్రకటించాడు. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే సంఘ పెద్ద బాలనర్సింహకు ఫోన్ చేయాలి. అందరికీ ఇది నచ్చిందని కాదు. "పాస్టరింటికి తాళమేంది" అని రెండు కుటుంబాలు అలిగాయి. అందులో ఒక కుటుంబం రెండు ఆదివారాలు రానేలేదు. బాలనర్సింహ రెండో వారానికే ఫోను పట్టుకుని "అమ్మగారు, గింతమందికి ఎట్ల జవాబు చెప్పిండ్రు ఇన్నేండ్లు?" అని లబలబలాడాడు. ఆ మొదటి ఆదివారం మగవాళ్లు కాచిన చాయ్ మాత్రం ఎవరూ సగం గ్లాసు కంటే తాగలేకపోయారు.

కృపాకర్ మొదటి మంగళవారం పదకొండింటి దాకా నిద్రపోయాడు. తర్వాతి వారాల్లో మార్కెట్‌కు వెళ్లి కూరగాయలు తేవడం మొదలుపెట్టాడు. ఆయనకు పచ్చిపులుసు తప్ప ఇంకే వంటా రాదు. అందుకని ఆ రోజు ఇంట్లో పచ్చిపులుసే.

బేబీ నోటుబుక్కును పారేయలేదు. కానీ పొద్దునకు అయిదు పేర్లే చదువుతుంది. ఒక్కో పేరు దగ్గర ఆగి, ఆ మనిషి మొహం కళ్లముందుకు వచ్చేదాకా చూస్తుంది.

*

సెప్టెంబరుకల్లా బార్కస్ బస్సులో మంగళవారం అయిదుగురు ఆడవాళ్లయ్యారు. వాళ్లు పెట్టుకున్న నియమం ఒక్కటే. బస్సులో సంఘం సంగతులు మాట్లాడకూడదు. తలా ఒక కిటికీ దగ్గర కూర్చుంటారు. మాణిక్యమ్మ మొదటి రెండు వారాలు కుదురుగా ఉండలేక సీట్ల మీద దుమ్ము తుడిచింది. మూడో వారం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఒక మంగళవారం తిరుగు ప్రయాణంలో పెద్ద వాన పట్టుకుంది. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ ఇంకొంచెం దూరం ఉందనగా రోడ్డు మీద మోకాలిలోతు నీళ్లు నిలిచి బస్సు ఆగిపోయింది. గంటైనా కదల్లేదు. బస్సు నిండా జనం. వెనక సీట్లో బురఖా వేసుకున్న పెద్దావిడ ఒళ్లో మనవరాలు గుక్కపెట్టి ఏడుస్తోంది. ఎంత ఊపినా ఊరుకోవడం లేదు.

మాణిక్యమ్మ అటు తిరిగి, చర్చిలో పసిపిల్లల్ని ఊరుకోబెట్టేటప్పుడు పాడే పాట ఒకటి సన్నగా ఎత్తుకుంది. కటువైన ఆ గొంతు పాటలో అంత మెత్తగా ఉంటుందని బేబీకి తెలియదు. మిగతావాళ్లు గొంతు కలిపారు. పాటలు పాడించడం ఇరవై ఆరేళ్లుగా బేబీ పని. ఆ రోజు ఆమె పాడలేదు. తల కిటికీ చువ్వకు ఆనించి, వాన చూస్తూ విన్నది. ఎవరో తన కోసం పాడుతుంటే వినడం ఎంత హాయిగా ఉంటుందో అనుకుంది.

పాప ఏడుపు ఆపి నోరు తెరుచుకుని చూసింది. పెద్దావిడ ముసుగు పైకెత్తి నవ్వింది.

"బహుత్ అచ్ఛా గారైఁ అమ్మా. ఔర్ ఏక్ గావో నా."

"ఏమంటుంది?" అని మాణిక్యమ్మ నాగమణమ్మను అడిగింది. ముప్పై ఎనిమిదేళ్లు పాతబస్తీ రోడ్లు ఊడ్చిన మనిషికి ఆ మాట అర్థం కాక కాదు, ఇంకోసారి వినాలని.

"మస్తు పాడుతున్నరంట, ఇంకోటి పాడమంటుంది పెద్దమ్మా!" నాగమణమ్మ టికెట్ మిషన్ సీటు మీద పెట్టి తనూ కూర్చుంది. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. ఇంకోటి పాడారు, ఆ తర్వాత ఇంకోటి. పెద్దావిడ సంచిలోంచి ఉస్మానియా బిస్కెట్లు తీసి అందరికీ పంచింది.

వాన తగ్గి బస్సు కదిలేసరికి ఆరు దాటింది. గేటు తీయాల్సిన వేళ దాటిపోయింది. అయినా బేబీ కంగారుపడలేదు. చాంద్రాయణగుట్టలో అయిదుగురూ దిగి, వేడి సమోసాలు తిని, చాయ్ తాగి, తడిసిన చీరలతో నవ్వుకుంటూ ఇళ్లకు చేరారు.

సందులోకి వచ్చేసరికి గేటు దగ్గర ఒక అమ్మాయి ఎదురుచూస్తోంది. కొత్తగా పెళ్లయిన పిల్ల, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అమ్మగారిని చూడగానే తత్తరపడింది. "ఇయ్యాల మంగళారం అని యాదికి లేదు అమ్మగారు, రేపొస్త" అంది.

బేబీ సంచి మెట్ల మీద పెట్టింది. చెంగుతో మెట్టు తడి తుడిచి తను కూర్చుని, పక్కన చోటు చూపించింది.

"ఆరు దాటింది బిడ్డా. కూసో. ఏమైందో నిమ్మళంగ చెప్పు, నేను వింట."

ఆ పిల్ల చెప్పుకుపోయింది. బేబీ మొత్తం విన్నది.